గల్ఫ్‌లో కేసు పడితే ఏ వకీలు మేలు: ఎంబసీ, కోర్టు, కంపెనీ, సొంతం

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో “మనోణ్ని పోలీసులు పట్టుకపోయిన్రు” అని గల్ఫ్ నుంచి ఫోన్ రాగానే ఊళ్లో తలా ఒక మాట చెప్తారు. ఎంబసీ చూసుకుంటదని ఒకరు, కోర్టే ఫ్రీగా వకీలును పెడతదని ఒకరు, కంపెనీ విడిపిస్తదని ఇంకొకరు, పొలం అమ్మైనా సొంత వకీలును పెట్టాలని మరొకరు. నాలుగూ ఉన్న దారులే. వాటిలో ఏది మేలన్నది ఫిర్యాదు ఎవరు ఇచ్చారు, కేసు ఇప్పుడు ఏ దశలో ఉంది అన్న రెండు విషయాల మీద ఆధారపడుతుంది. పైసలు ఎన్ని ఉన్నాయన్నది ఆ తర్వాత.

ముందు కంపెనీ వకీలు సంగతి. ఫిర్యాదు చేసింది కఫీలో (వీసా ఇచ్చిన స్పాన్సర్), కంపెనీయో అయితే ఆ వకీలు పేరు మీద వకాలా (మన తరఫున వాదించమని ఇచ్చే అధికార పత్రం) ఇవ్వొద్దు. అతనికి ఫీజు కట్టేది ఎదుటి పక్షం. “సంతకం పెట్టు, ఇంటికి పంపిస్తాం” అంటూ ముందు పెట్టే అరబ్బీ కాగితంలో నేరం ఒప్పుకున్నట్టు రాసి ఉండొచ్చు, జీతం బకాయిలు వదులుకున్నట్టు రాసి ఉండొచ్చు.

రోడ్డు ప్రమాదం కేసు మాత్రం వేరు. డ్యూటీలో కంపెనీ బండి నడుపుతుండగా ఒకరి ప్రాణం పోతే మృతుని కుటుంబానికి దియా (ప్రాణానికి పరిహారం) కట్టాలి. అది యూఏఈలో 2 లక్షల దిర్హమ్‌లు, సౌదీలో పొరపాటున జరిగిన మరణానికి 3 లక్షల రియాళ్లు. బండికి సరైన బీమా ఉంటే దాన్ని బీమా సంస్థ కడుతుంది, ఆ ఫైలు కదిలించగలిగేది కంపెనీ మనుషులే. అక్కడ ఇద్దరి అవసరం ఒకటే. అయితే ఆ రకం బండికి లైసెన్సు లేదని తేలినా, తాగి ఉన్నాడని తేలినా భారం డ్రైవర్ మీద పడుతుంది, ఆ క్షణం నుంచి కంపెనీ దారి వేరు. అందుకే బీమా పాలసీ నకలు, లైసెన్సు నకలు, ప్రమాదం రిపోర్టు మొదటి వారంలోనే చేతికి తెచ్చుకోండి.

ఎంబసీ మీద ఎక్కువ ఆశ పెట్టుకునేవాళ్లూ, అసలు నమ్మనివాళ్లూ ఇద్దరూ పొరబడుతున్నారు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన మనిషి కోరితే ఆ సంగతి అతని దేశ కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలపాలి. అధికారులు జైలుకు వెళ్లి కలవొచ్చు, వకీలును ఏర్పాటు చేయొచ్చు. కోర్టులో వాదించరు, తీర్పును ఆపలేరు. 2009లో ఏర్పడిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుంచి వకీలు ఖర్చు ఇచ్చే వీలుంది. అది ఆర్థిక స్థితి చూసి, ముఖ్యంగా చిన్న నేరాల్లో చిక్కినవాళ్లకు, యజమాని తప్పుడు కేసులో ఇరికించినవాళ్లకు ఉద్దేశించింది. కఫీల్ కక్షగట్టి పెట్టిన కేసైతే ఈ నిధిని గట్టిగా అడగాలి. పోయే ముందు చేయించుకున్న ప్రవాసీ భారతీయ బీమాలో న్యాయ ఖర్చులకు 45,000 రూపాయల వరకు ఉంటుంది గానీ అది ఉద్యోగానికి సంబంధించిన వివాదాలకే. దొంగతనం, మత్తుమందు కేసులకు దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఎంబసీని కదిలించాలంటే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు దాచుకోవాలి. హైదరాబాద్ ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వొచ్చు. అర్జీలో పాస్‌పోర్టు నంబరు, అకామా (నివాస కార్డు) లేదా ఎమిరేట్స్ ఐడీ నంబరు, అరెస్టు తేదీ, పోలీస్ స్టేషన్ లేదా జైలు పేరు, కంపెనీ పేరు, దొరికితే కేసు నంబరు తప్పకుండా రాయండి. “మా అబ్బాయి దుబాయ్‌లో జైల్లో ఉన్నడు” అని మాత్రమే రాస్తే వెతకడానికే వారాలు పోతాయి. చిరునామా కూడా సరిచూసుకోండి. అబుదాబి కేసు అక్కడి ఎంబసీకి, దుబాయ్, షార్జా కేసులు దుబాయ్ కాన్సులేట్‌కు వెళ్లాలి. సౌదీలో జెద్దా, మక్కా, మదీనా వైపు కేసులు జెద్దా కాన్సులేట్‌వి, రియాద్, దమ్మామ్ వైపువి రియాద్ ఎంబసీవి.

ఇక కోర్టు పెట్టే ఉచిత వకీలు. యూఏఈలో మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాల్లో నిందితుడికి వకీలు తప్పనిసరి. పెట్టుకోకపోతే కోర్టే నియమించి ఖర్చు భరిస్తుంది. అంతకు తక్కువ శిక్ష పడే పెద్ద నేరాల్లో, పెట్టుకునే స్థోమత లేదని చూపి అడగొచ్చు. సౌదీలోనూ పెద్ద నేరాల్లో ప్రభుత్వ ఖర్చుతో వకీలును కోరే వీలుంది. ఆ వకీళ్లు చేతగానివాళ్లని కాదు, వాళ్లు వచ్చేది కోర్టు దశలో. అప్పటికే పోలీసుల దగ్గర, ప్రాసిక్యూషన్ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే శాఖ) దగ్గర వాంగ్మూలం అయిపోయి ఉంటుంది, కేసు దాని మీదే నడుస్తుంది. కరీంనగర్ కూలి మనిషి తెలుగులో అనుకున్నది వచ్చీరాని హిందీలో చెప్తే, దుబాసీ దాన్ని అరబ్బీలోకి మార్చి రాయిస్తాడు, చదివి వినిపించకుండానే సంతకం పడుతుంది. ఆ కాగితాన్ని తర్వాత కోర్టులో తిరగదోడటం గట్టి వకీలుకూ కష్టమే. పట్టుబడ్డ మనిషికి ఫోన్ దొరికితే ఇంటివాళ్లు చెప్పాల్సినవి మూడే: ఎంబసీకి తెలపమని అడుగు, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకు, తెలుగు దుబాసీ కావాలని చెప్పు.

అందుకే మా అభిప్రాయం ఇది. సొంత వకీలుకు పెట్టే డబ్బు ఉంటే దాన్ని మొదటి పదిరోజుల్లో పెట్టండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదట్లో ఖర్చెందుకని ఆగి, శిక్ష పడ్డాక అప్పు తెచ్చి అప్పీలుకు పోస్తారు. సౌదీ చట్టంలో విచారణ దశ నుంచే వకీలు సాయం తీసుకునే హక్కు రాసి ఉంది, దాన్ని వాడుకోవాలంటే వకీలు అప్పుడే ఉండాలి. వీసా గడువు దాటడం, హురూబ్ (పని వదిలి పారిపోయాడని యజమాని ఇచ్చే ఫిర్యాదు) లాంటి వాటికి మాత్రం ప్రైవేటు వకీలు దండగ. ఎంబసీ, జవాజాత్ (సౌదీ పాస్‌పోర్టుల శాఖ) ద్వారానే అవి తెమలుతాయి.

సొంత వకీలు విషయంలో మోసం ఎక్కువ జరిగేది ఇక్కడ: ఆఫీసులో హిందీలోనో మలయాళంలోనో మాట్లాడే సలహాదారు, క్రిమినల్ కోర్టులో నిలబడే వకీలు ఒకరే కారు. యూఏఈలో వాదించే లైసెన్సు ఉన్నవాళ్లు ప్రధానంగా ఆ దేశస్థులే. కోర్టుకు వచ్చేది ఎవరో ఆయన పేరు, లైసెన్సు నంబరు ఒప్పందంలో రాయించండి. ఫీజును ప్రాసిక్యూషన్, మొదటి కోర్టు, అప్పీలు, ఆపై కోర్టు అని దశలవారీగా విడగొట్టించండి, అనువాదం ఖర్చు అందులోనే ఉందో లేదో అడగండి. డబ్బు ఆఫీసు ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. “కేసు కొట్టేయిస్త, గ్యారంటీ” అన్నవాడు ఎవరైనా సరే, అక్కడితో ఆపేయండి. వకాలాను జైల్లో ఉన్న మనిషే సంతకం చేసి ఇచ్చేలా చూడటం సులువు. ఇక్కడి నుంచి పంపే కాగితాలకు నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర కావాలి. యూఏఈ, కువైట్, ఖతర్‌లకైతే ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి.

అప్పీలు గడువు ఎవరికోసమూ ఆగదు. యూఏఈలో 15 రోజులు, సౌదీలో తీర్పు నకలు అందిన నాటి నుంచి 30 రోజులు. డబ్బు కుదరకపోయినా గడువులోపు అప్పీలు వేయించి పెట్టాలి.

హత్య కేసుల్లో వకీలు ఫీజు మేలా, బాధిత కుటుంబంతో రాజీ మేలా అని అడుగుతారు. ఒకదానికి ఒకటి బదులు కాదు. దుబాయ్‌లో 2005లో జరిగిన నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు జైలుపాలయ్యారు. మృతుని కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందినా, వాళ్లు ఇల్లు చేరింది 2024లో. సౌదీలో కేరళ మనిషి ఒకరి కోసం 2024లో 1.5 కోట్ల రియాళ్లు సేకరిస్తే మరణశిక్ష రద్దయింది, కానీ ప్రభుత్వ హక్కు (కుటుంబం క్షమించినా ప్రభుత్వం శిక్షించే హక్కు) కింద జైలు శిక్ష మిగిలింది. కుటుంబం క్షమించేది తన హక్కు మేరకే. దియా కోసం చందాలు మొదలుపెట్టేముందు ప్రభుత్వ హక్కు కింద ఎంత శిక్ష పడొచ్చో వకీలుతో రాతపూర్వకంగా చెప్పించుకోండి.

అమెరికాలో లెక్క వేరు. వరంగల్, హనుమకొండ నుంచి చదువుకు పోయిన పిల్లల మీద షాపు దొంగతనం లాంటి కేసు పడితే, అక్కడి పబ్లిక్ డిఫెండర్ (ప్రభుత్వం పెట్టే ఉచిత వకీలు) రోజూ అదే కోర్టులో పనిచేసే మనిషి, తక్కువగా చూడక్కర్లేదు. ప్రమాదం వీసాతో. “చిన్న ఫైన్‌తో పోతది” అని నేరం ఒప్పుకుంటే దేశం విడవాల్సి రావొచ్చు. నేరం ఒప్పుకుంటే వీసా ఏమవుతుందో క్రిమినల్ వకీలు చెప్పి తీరాలని అక్కడి సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. ఉచిత వకీలును ఉంచుకుని, ఒప్పుకునే ముందు ఒక ఇమిగ్రేషన్ వకీలుకు ఫీజు కట్టి అడగడం మేలు.

గల్ఫ్‌లో శిక్ష ఖరారైతే మిగిలిన కాలం ఇక్కడి జైల్లో గడిపేందుకు 2003 నాటి ఖైదీల బదిలీ చట్టం ఉంది. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతర్‌లతో ఒప్పందాలున్నాయి. ఖైదీ ఒప్పుకోవాలి, అప్పీలు పెండింగ్‌లో ఉండకూడదు, కనీసం 6 నెలల శిక్ష మిగిలి ఉండాలి. మరణశిక్షకు వర్తించదు. పదేళ్లు, ఇరవై ఏళ్లు పడ్డవాళ్లకు, అప్పీళ్లన్నీ అయిపోయాక, ఇది మంచి దారి. ఏడాది, రెండేళ్ల శిక్షకైతే ఫైలు రెండు ప్రభుత్వాల మధ్య తిరిగేలోపే రంజాన్ క్షమాభిక్షో, శిక్ష పూర్తికావడమో జరిగిపోవచ్చు. దానికోసం గట్టి అప్పీలును వెనక్కి తీసుకోవద్దు.