సోయా విత్తనం కొనేవాళ్లు జాగ్రత్త: ట్యాగ్ రంగు, బిల్లు మీద లాట్ నంబరు చూడండి

ఆదిలాబాద్, నిర్మల్ వైపు ఈ వానాకాలం సోయా వేసే రైతులందరూ ఇది చదవండి. కోత టైములో వానలు పడ్డ ఏడాది తర్వాత ఎరువుల కంటే ముందు తేల్చుకోవాల్సింది విత్తనం సంగతి.

నిరుడు పక్క పట్టణంలో ఒక డీలర్ మాకు సర్టిఫైడ్ విత్తనమని చెప్పి, ఆ ధరకే బస్తాలు అమ్మాడు. వాటికి ఉన్నది ఆకుపచ్చ లేబుల్. సర్టిఫైడ్‌కి నీలం ట్యాగ్ ఉంటుంది. ఆకుపచ్చది కంపెనీ తన పూచీ మీద వేసుకునే లేబుల్, దానికి ధ్రువీకరణ సంస్థ తనిఖీ ఉండదు. బిల్లులో లాట్ నంబరు (ఆ విత్తనం ఏ దఫాలో తయారైందో చెప్పే నంబరు) కూడా రాయలేదు.

చేనులో సగం కూడా మొలవలేదు. తవ్వి చూస్తే గింజలు బూజు పట్టి మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. అడిగితే "మీ చేనులో నీళ్లు నిలిచాయి" అన్నాడు. మా గట్టు పక్క చేనుదీ అదే నల్లరేగడి, పడ్డదీ అదే వాన. వేరే చోట కొన్న విత్తనంతో అక్కడ సాళ్లు నిండుగా వచ్చాయి. దున్ని మళ్లీ వేసేసరికి అదును దాటింది, ఖర్చు రెండింతలైంది. ఆ బాధ ఇంకెవరికీ రాకూడదు.

సోయా గింజ తోలు చాలా పలుచన. కాయ ఎండాక వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్లీ తడిస్తే తోలు ముడతలు పడి బూజు లోపలికి పోతుంది. పైకి బాగానే కనిపించినా మొలక చచ్చి ఉంటుంది. బస్తాలు ఎత్తి పడేసినా దెబ్బతింటుంది. అందుకే తడిసిన ఏడాది పంట విత్తనాన్ని కంటితో చూసి నమ్మొద్దు.

కొన్న వెంటనే వంద గింజలు ఏరకుండా తీసి, తడి గోనెపట్టాలో చుట్టి, ఆరిపోకుండా నాలుగైదు రోజులు ఉంచండి. సర్టిఫైడ్ సోయాకి కనీస మొలక 70 శాతం. అంతకంటే బాగా తక్కువొస్తే దుక్కిలో వేయకండి, బస్తాతో సహా తిరిగి ఇచ్చేయండి. బాగుంటే కిలోకి 3 గ్రాముల థైరమ్ (బూజు పట్టకుండా ఆపే మందు) పట్టించి, భూమి బాగా తడిశాకే విత్తండి.

బిల్లు గురించి మొహమాటం అక్కర్లేదు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలర్ అది ఇవ్వాల్సిందే. లాట్ నంబరు రాయించుకోండి. ఖాళీ సంచి, ట్యాగ్, గుప్పెడు గింజలు పంట చేతికొచ్చేదాకా దాచండి. మొలక రాకపోతే దున్నకముందే ఫొటోలు తీసి, ఏఈఓకి (వ్యవసాయ విస్తరణాధికారికి), మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి చేను చూపించండి. దున్నేశాక చూపించడానికి ఏమీ మిగలదు, డీలర్‌కి కావాల్సింది అదే. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే చెప్పింది.