వీలాన్ 5000 అని కొడితే: తిప్పికొట్టాలా, సర్దేయాలా, ఊరుకోవాలా?

ఓపెన్ వీస్విచ్ (ఓవీఎస్) అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే నెట్‌వర్క్ స్విచ్. అందులో ఒక పోర్టుకి వీలాన్ ట్యాగ్ (ఆ పోర్టు ఏ విడి నెట్‌వర్క్‌కి చెందుతుందో చెప్పే నంబరు) 5000 అని ఇచ్చి చూడండి. ఒప్పుకోదు, 0 నుంచి 4095 లోపే ఉండాలని మొహం మీదే చెప్పేస్తుంది. అదే స్విచ్‌లో మ్యాక్-టేబుల్-సైజ్‌కి (ఏ మెషీన్ ఏ పోర్టులో ఉందో స్విచ్ రాసుకునే పట్టిక సైజు) 50 లక్షలు ఇస్తే కిమ్మనకుండా తీసుకుని, లోపల 10 లక్షలకి కుదించేస్తుంది. ఆ సెట్టింగ్ పేరే తప్పు రాస్తే? అదీ తీసుకుంటుంది, కానీ ఏమీ చేయదు. ఒకే సాఫ్ట్‌వేర్‌లో మూడు తీర్లు.

ట్యాగ్ దగ్గర తిప్పికొట్టడమే కరెక్ట్, నాకు రెండో మాట లేదు. ఫ్రేమ్‌లో (నెట్‌వర్క్‌లో వెళ్లే ఒక్కో డేటా కట్టలో) వీలాన్ నంబరుకి ఉన్న చోటు 12 బిట్లే, పోనీలే అని 5000ని అందులో కుక్కితే మిగిలేది 904, ఆ 904 ఇంకెవరిదో అయితే మీ వీఎం (వర్చువల్ మెషీన్) పోయి వాళ్ల నెట్‌వర్క్‌లో కూర్చుంటుంది, ఎర్రర్ అంటూ ఏదీ రాదు. పోనీ 4095కి కుదిద్దామా అంటే అది స్టాండర్డ్‌లో రిజర్వు చేసిన నంబరు (అయినా ఓవీఎస్ సెట్టింగులు దాచుకునే డేటాబేస్ దాన్ని ఒప్పుకుంటుంది, అదో వింత). ఇంటి నంబరు 5000 దొరకలేదని 904లో సామాన్లు దించుతామా?

టేబుల్ సైజు అలా కాదు. 50 లక్షలు అడిగినవాడికి 10 లక్షలు ఇచ్చినా బండి నడుస్తుంది. నా పేచీ సర్దినందుకు కాదు, సర్దినట్టు చెప్పనందుకు. డేటాబేస్‌లో చూస్తే మీరు రాసిన 50 లక్షలే ఉంటుంది. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) దగ్గర ఓవీఎస్ వాళ్లే ఆ పని చక్కగా చేశారు: అడిగింది ఒక కాలమ్‌లో, నిజంగా ఉన్నది ఇంకో కాలమ్‌లో.

ఇక ఊరుకోవడం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకచోట కంటైనర్లు పెరిగి మ్యాక్ టేబుల్ నిండిపోయింది, ట్రాఫిక్ అన్ని పోర్టులకీ ఫ్లడ్ అవుతోంది. సైజు పెంచాను, కాకపోతే హైఫన్ బదులు అండర్‌స్కోర్ పడింది. కమాండ్ చప్పుడు లేకుండా తిరిగొచ్చింది, పనైపోయిందనుకుని రెండు రోజులు ఫిజికల్ స్విచ్‌ని అనుమానిస్తూ తిరిగాం. చివరికి ఎఫ్‌డీబీ స్టాట్స్ (ఆ మ్యాక్ టేబుల్ లెక్కలు) తీస్తే 8192/8192. డిఫాల్ట్ సైజు, అంగుళం కదల్లేదు.

అయితే తిప్పికొట్టడానికీ వేళ ఉంటుంది. టైప్ చేస్తున్నప్పుడు ఆపితే మేలే, అదే రీబూట్ అయ్యాక ఒక్క లైను తప్పుందని మొత్తం సర్వీసే లేవకపోతే సర్వర్‌లోకి వెళ్లే దారే మూసుకుపోతుంది. అందుకే కాబోలు లైనక్స్‌లో నెట్‌వర్క్‌ని నడిపే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ తెలియని కీ కనిపిస్తే లాగ్‌లో ఒక వార్నింగ్ పడేసి ముందుకి పోతుంది. ఉబుంటులో నెట్‌వర్క్ సెట్ చేసే నెట్‌ప్లాన్ మాత్రం ఫైలు చదివేటప్పుడే ఆపేస్తుంది, పైగా నెట్‌ప్లాన్ ట్రై అనే కమాండ్ వాడితే 120 సెకన్లలో మనం ఎంటర్ కొట్టకపోతే పాత కాన్ఫిగ్‌కి వెళ్లిపోతుంది. దూరంగా ఉన్న మెషీన్లకి నా ఓటు దీనికే.

ఓవీఎస్ మీద మాత్రం, ఇప్పుడు ఏ సైజు మార్చినా స్టాట్స్‌లో కొత్త అంకె కళ్లారా చూశాకే టర్మినల్ మూస్తున్నాను.