చారల నూనె, చారల క్రీము: చాలాకాలం వాడాక

ముందే చెప్పేస్తాను. చర్మం సాగి పడే చారల్ని, అంటే స్ట్రెచ్ మార్క్స్‌ని పూర్తిగా పోగొట్టే నూనె గానీ క్రీము గానీ నాకు ఇప్పటికీ దొరకలేదు. తొమ్మిదో తరగతిలో తొడల మీదా నడుము పక్కలా ఎర్రగా మొదలయ్యాయి. డిగ్రీ అయ్యేదాకా ఏదో ఒకటి రాస్తూనే వచ్చాను.

మొదట వాడింది అందరూ కొనే సీసా నూనె. దురద తగ్గింది, చర్మం మెత్తబడింది, అంతవరకూ మంచిదే. కానీ మా పర్లాకిమిడి ఉక్కపోతలో అది రాసుకుని చుడీదార్ వేసుకుంటే బట్ట తొడకి అతుక్కుపోయేది. రాత్రిపూట తప్ప పనికిరాదు. కోకో బటర్ చలికాలంలో హాయిగా ఉండేది, వాసనా బాగుండేది. చారలకు మాత్రం రెండూ ఒకటే. ఆ మాటకొస్తే అమ్మమ్మ ఇచ్చిన కొబ్బరి నూనె కూడా అంతే పని చేసింది, అదీ చాలా తక్కువ ఖర్చుతో. శరీరం గబగబా పెరిగేటప్పుడు తెగేది చర్మం లోపలి పొరలోని కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు. పైన రాసిన నూనె అక్కడిదాకా వెళ్లి వాటిని అతికించదు. గర్భిణుల విషయంలోనూ ఇంతే. క్రీములు, నూనెలు చారలు రాకుండా ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదని 2012లో కాక్రేన్ సమీక్ష (జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే నివేదిక) తేల్చింది.

కాస్త తేడా చూపింది ట్రెటినాయిన్ అనే విటమిన్ ఎ రకం మందు క్రీము ఒక్కటే. బరంపురంలో స్కిన్ డాక్టరుగారు 0.05 శాతంది రాసిచ్చారు. రాత్రిపూట బఠాణీ గింజంత, పలచగా రాయాలి. మొదట్లో చర్మం మండి, పొట్టులా లేచింది, రోజు విడిచి రోజుకి మార్చుకున్నాక సర్దుకుంది. అప్పుడే వచ్చిన ఊదారంగు చారలు సన్నబడ్డాయి, రంగూ తగ్గింది. అప్పటికే తెల్లబడిన పాతవాటిలో ఏ మార్పూ లేదు. 1996 నాటి ఒక పరిశోధనలో కూడా 0.1 శాతం క్రీముని ఆరు నెలలపాటు కొత్త చారల మీదే వాడి చూశారు, మేలు కనిపించింది కూడా వాటి మీదే. ఎండ తగిలే చోట రాస్తే సన్‌స్క్రీన్ తప్పనిసరి. కడుపుతో ఉన్నవాళ్లు అసలు వాడకూడదు.

అయితే నాకు ఇబ్బందిగా ఉన్న సంగతి ఒకటుంది. మా పిన్ని కొడుకు ఒక్క ఏడాదిలో తాటిచెట్టులా పెరిగాడు. వీపు కింది భాగంలో అడ్డంగా చారలు పడ్డాయి. బెల్టుతో కొట్టిన గుర్తుల్లా ఉండేసరికి డ్రిల్ మాస్టారు పక్కకు పిలిచి, "ఇంట్లో ఎవరైనా కొట్టారేంట్రా?" అని అడిగారట. వాడు ఏమీ రాయలేదు, ఆ ఊసే పట్టించుకోలేదు. ఇప్పుడు వాడివీ నావీ పక్కపక్కన చూస్తే పెద్ద తేడా తెలీదు. రెండూ తెల్లబడి వెలిసిపోయాయి. నా డబ్బుల్లో ఎంత భాగం కాలం చేసిన పనికి పోయిందో మరి!

ఇంకో రకం క్రీము గురించి మాత్రం భయపెట్టే చెబుతాను. నా స్నేహితురాలికి గజ్జల్లో తామర వస్తే ఒక మెడికల్ షాపతను డాక్టరు చీటీ లేకుండా ఒక ట్యూబు ఇచ్చాడు. అందులో క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంది. నెలల తరబడి రాసింది. తామర పోలేదు సరికదా, అక్కడ వెడల్పాటి ఎర్ర చారలు పడ్డాయి. స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, మడతల్లో మరీను. ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. ట్యూబు వెనక క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే డాక్టరుని అడక్కుండా రాయకండి. చారలు బాగా వెడల్పుగా, ఊదాగా వచ్చి, ముఖం ఉబ్బి, పొట్ట దగ్గర బరువు పెరుగుతుంటే ఏ క్రీమూ కొనకుండా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. హార్మోన్ తేడా అయి ఉండొచ్చు.

ఇప్పుడు స్నానం చేశాక మామూలు మాయిశ్చరైజర్ రాస్తున్నాను, అంతే. లేజర్ గురించీ అడిగాను. తెల్లబడ్డవాటికి చాలాసార్లు చేయించుకోవాలి, అయినా పూర్తిగా పోవు అన్నారు. ఆ డబ్బు స్కూటీ వాయిదాలకి కడుతున్నాను.