ఆడపందులను కొనాలా, మందలోనే పెంచుకోవాలా?

శంషాబాద్ చుట్టుపక్కల పందులు పెంచేవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఈ ఏడాది నాకూ ఐదు ఆడపందులు కావాల్సి వచ్చింది కాబట్టి నేనేం చేశానో చెబుతాను.

ఖర్చు లెక్క మీకు తెలిసిందే. ఇంట్లో పుట్టిన పిల్లను ఎనిమిది నెలలు మేపి, మగపందితో దాటించి, ఆపైన ఈనడానికి 114 రోజులు ఆగాలి. దాదాపు ఏడాది దాణా. ఎదకు వచ్చినదాన్ని కొంటే నాలుగైదు నెలల్లో ఈనుతుంది. డబ్బు ఒక్కటే చూస్తే కొనడమే మేలు.

నన్ను ఆపింది పీఆర్‌ఆర్‌ఎస్ అనే పందుల వైరస్ రోగం భయం. మన దేశంలో 2013లో మిజోరంలో బయటపడ్డ ఈ వైరస్ చూడి పందులను నెలలు నిండే సమయంలో దెబ్బ తీస్తుంది. జ్వరం వస్తుంది, మేత ముట్టదు, ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది. ఈనినా కొన్ని పిల్లలు చచ్చిపుడతాయి, కొన్ని నల్లగా ఎండిపోయి వస్తాయి. బతికినవాటికి పాలు తాగే ఓపిక కూడా ఉండదు, రొప్పుతూ పడి ఉంటాయి. వైరస్‌కు మందు లేదు. యాంటీబయాటిక్స్ వేసేది దాని వెనకాలే వచ్చే న్యుమోనియా కోసమే.

రోగంతో పడి ఉన్న పంది కంటే కోలుకున్న పందితోనే ప్రమాదం ఎక్కువ. బాగా తింటూ నిగనిగలాడే పంది టాన్సిల్స్‌లో ఈ వైరస్ నెలల తరబడి దాక్కుంటుంది. వ్యాపారి ఆటో ట్రాలీ దగ్గర నిలబడి చూస్తే మనకు కనిపించేది ఆ నిగనిగే. రక్తపరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలదు. అంటుకున్నాక యాంటీబాడీలు కనిపించడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకే కొన్నవాటిని మందకు దూరంగా కనీసం రెండు నెలలు ఉంచి, తెచ్చినప్పుడు ఒకసారి, కలిపే ముందు మరోసారి పరీక్ష చేయించాలి. అక్కడికి వేరే బూట్లు, వేరే బకెట్. మేత మన మందకు వేశాకే వాటికి వేయాలి.

నాకు అంత దూరంలో ఇంకో షెడ్డు వేసే చోటు లేదు. పక్క గదిలో కట్టేసి టెన్షన్ పడుతూ కూర్చోవడం కంటే ఏడాది దాణా భరించడమే నయమనిపించింది. మంచి ఈతల నుంచి ఐదు పిల్లలను ఉంచుకున్నాను. దూరంగా ఇంకో షెడ్డుకు చోటున్నవాళ్ళు కొనుక్కోవచ్చు, తప్పులేదు.

ఇంట్లోవే ఉంచుకుంటే రక్తసంబంధం చిక్కు వస్తుంది. దానికి బయటి వీర్యం తెప్పించుకోవచ్చు. అయితే ఈ వైరస్ వీర్యంలోనూ వస్తుంది, పరీక్షించిన మగపందిదే తీసుకోండి. టీకా నష్టాన్ని తగ్గిస్తుందే గానీ రోగం అంటకుండా పూర్తిగా ఆపలేదు.

మందలో రోగం ఇప్పటికే ఉంటే మాత్రం కొనే మాటే వద్దు. పాత పందుల్లోంచి వైరస్ పోవడానికి 200 రోజులకు పైగా పడుతుంది. అన్నాళ్ళూ కొత్త పంది గేటు దాటకూడదు. ఆ కాలానికి కావలసిన ఆడ పందిపిల్లలను ముందే లెక్కేసి మందలో నిలుపుకోండి.