వైజాగ్‌లో స్టేక్ కోసం ‘టెండర్లాయిన్’ ప్యాకెట్ కొనేవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

పోయిన నెల మా ఇంట్లో జరిగిన విషయం రాస్తున్నాను. ఇంట్లో బీఫ్ స్టేక్ (మందంగా కోసిన మాంసం ముక్క) గ్రిల్ చేసుకుందామని ఫ్రోజెన్ ప్యాకెట్ కొనబోతున్న వాళ్ళు దయచేసి రెండు నిమిషాలు ఆగండి. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట మాత్రం ముందే చెప్పేస్తాను. టెండర్లాయిన్ (నడుము దగ్గర ఉండే మెత్తటి కండ) అని రాసి ఉన్నా సరే, ముక్కలు కోసి ప్యాక్ చేసింది కొనకండి. కోయని నిలువు ముక్కను కళ్ళతో చూసి, మీ ముందే కోయించుకోండి. ఎందుకో కింద రాస్తున్నాను.

మా తమ్ముడు క్రూయిజ్ షిప్‌లో వంటపని చేస్తాడు. ఎనిమిది నెలల తర్వాత సెలవు మీద కంచరపాలెం ఇంటికి వచ్చాడు. వాడికి ఒకటే కోరిక, రోజూ ఎవరెవరికో వండిపెట్టే స్టేక్ ఒక్కసారి నాన్నకి తన చేత్తో చేసి పెట్టాలని. నాన్న హార్బర్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు పై పళ్ళు సగం లేవు, గట్టివి నమలలేరు. అందుకే తమ్ముడు “మెత్తటి ముక్కే కావాలక్కా, వేరేది వద్దు” అని మరీ మరీ చెప్పాడు. వాడు వచ్చేలోపే తెచ్చిపెడదామని నేను ఫోన్‌లో యాడ్ చూసి ఆర్డర్ పెట్టాను. ‘ఆస్ట్రేలియన్ టెండర్లాయిన్ స్టేక్, 1200 గ్రాములు, ఆరు ముక్కలు, 2400 రూపాయలు’ అని ఉంది. రేటు చూసి కాస్త ఆలోచించాను. ఫోన్ చేస్తే “మన లోకల్ మాంసం కాదు మేడమ్, ఇంపోర్టెడ్, వెన్నలా ఉంటుంది” అన్నారు. నాన్న కోసం కదా అని కట్టేశాను.

ఆ ‘ఇంపోర్టెడ్’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయి ఉండాల్సింది. మన దేశంలోకి ఆవు మాంసం దిగుమతి నిషేధం. ఏ రూపంలోనూ రాకూడదు. కాబట్టి ఆస్ట్రేలియా బీఫ్ అనీ, జపాన్ వాగ్యూ (అక్కడి ఖరీదైన ఆవు మాంసం) అనీ ఎవరైనా ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే ఆ మాట అబద్ధమైనా అయ్యుండాలి, సరుకు దొంగదైనా అయ్యుండాలి. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ కూడా నిషేధమే. ఇక్కడ కొట్లలో బీఫ్ అని అమ్మేది మామూలుగా గేదె, దున్నపోతు మాంసం. అందులో తప్పేమీ లేదు, మేం చిన్నప్పటి నుంచీ తింటున్నదే. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే చాలు.

సరుకు మధ్యాహ్నం పన్నెండున్నరకి మధురవాడ వైపు నుంచి బైక్ మీద వచ్చింది. మామూలు క్యారీబ్యాగ్, ఐస్ లేదు, థర్మాకోల్ పెట్టె లేదు. ఫ్రోజెన్ మాంసం మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. ఈ ప్యాకెట్ అంచులు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. ఇంకో గుర్తు కూడా ఉంది, అప్పుడు నాకు అర్థం కాలేదు. ప్యాకెట్ ఒక మూలన ఎర్రటి నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ముక్కల మధ్యన కాదు, ఒక్క మూలనే. తర్వాత తమ్ముడు చెప్పాడు, అది ఎక్కడో ఒకసారి పూర్తిగా కరిగి, నీరంతా ఒక మూలకి దిగి, మళ్ళీ గడ్డకట్టిందని. కరిగిన మాంసాన్ని మళ్ళీ ఫ్రీజ్ చేస్తే రుచి పోవడం ఒక్కటే కాదు. అది కరిగి బయట ఎంతసేపు ఉందో, అందులో ఏం పెరిగిందో మనకి తెలిసే దారి లేదు. ప్యాకెట్‌లో ఇలాంటి ఎర్ర ఐస్ కనిపిస్తే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి.

రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరిగించాను. పొద్దున తమ్ముడు విప్పి చూడగానే ముఖం మార్చేశాడు. ముందు నీళ్ళు వంపి, మాంసాన్ని వంటింటి త్రాసు మీద పెట్టాడు. 890 గ్రాములు. 1200 అని డబ్బు కట్టిన దాంట్లో 310 గ్రాములు గిన్నెలో నీళ్ళు! ఫ్రోజెన్ మాంసం కరిగితే కొంచెం నీరు రావడం మామూలే. అది రక్తం కూడా కాదట, కండలో ఉండే ఎర్రటి పదార్థం నీళ్ళతో కలిసి దిగేది. కానీ పావు వంతుకి పైగా దిగిపోవడం వాడు ఏ వంటింట్లోనూ చూడలేదన్నాడు. ముక్కల అంచున సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు వరసగా కనిపించాయి, పట్టుకుంటే జారుతోంది. ఉప్పునీరు ఎక్కించారని నేను నిరూపించలేను. తూకం, ఫొటోలు మాత్రం నా దగ్గర ఉన్నాయి.

అసలు విషయం ఆ తర్వాత చెప్పాడు. “అక్కా, ఇది అండర్‌కట్ కానే కాదు.”

మన కొట్లలో టెండర్లాయిన్‌ని అండర్‌కట్ అంటారు. వెన్నెముకకి లోపలి వైపు, నడుము దగ్గర, రెండు పక్కలా ఒక్కోటి ఉంటుంది. పశువు మొత్తానికి రెండే. ఒక చివర లావుగా మొదలై రెండో చివరికి తోకలా సన్నబడుతుంది. పశువు నడిచినా, బండి లాగినా ఆ కండకి పెద్దగా పని ఉండదు, అందుకే మెత్తగా ఉంటుంది. మాకు వచ్చిన ఆరు ముక్కలూ అచ్చు ఒకే సైజు గుండ్రాలు. ఒకే అండర్‌కట్‌ని వరసగా కోస్తే నడిమి ముక్కలు కొన్ని ఒకేలా ఉంటాయి, తర్వాతవి చిన్నవైపోవాలి. పైగా వీటిలో పీచు దారాల్లా లావుగా కనిపిస్తోంది. అండర్‌కట్ పీచు చాలా సన్నం. ఇవి తొడ వెనక ఉండే గుండ్రటి కండ ముక్కలని తమ్ముడు చూడగానే పట్టేశాడు. అదీ స్తంభంలాగే ఉంటుంది కాబట్టి అడ్డంగా కోసి ప్యాక్ చేస్తే మనలాంటి వాళ్ళకి తేడా తెలియదు. నిలువు ముక్కని చూస్తే మాత్రం ఎవరికైనా తెలిసిపోతుంది. ఒకటి సన్నబడుతుంది, రెండోది ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒకే లావు. కోసి అమ్మడం వాళ్ళకి ఎందుకు లాభమో ఇప్పుడు అర్థమైంది కదా.

కూరకైతే తొడ మాంసం బంగారంలా ఉంటుంది. రెండు మూడు గంటలు సన్న మంట మీద ఉడికితే అందులో కండని పట్టి ఉంచే పొరలు కరిగి జిగురుగా మారి ముక్క మెత్తబడుతుంది. గ్రిల్ మీద పది నిమిషాల్లో అది జరగదు. అందులోనూ ఇక్కడ కోతకి వచ్చేవి చాలావరకు వయసు మీరిన పశువులు. వయసు పెరిగేకొద్దీ పని చేసిన కండలు ఇంకా గట్టిపడతాయి. అంటే మన దగ్గర గ్రిల్‌కి అండర్‌కట్ కావాలనుకోవడం గొప్ప కోసం కాదు, అది లేకపోతే పంటికి లొంగదు.

అయినా తెచ్చిన దాన్ని పారేయడం ఇష్టం లేక సాయంత్రం డాబా మీద బొగ్గులు రాజేశాం. ముక్క పెట్టగానే చుర్రుమనాల్సింది, నీళ్ళు కారి బొగ్గుల మీద పడి ఆవిరి లేచింది. మాంసం మీద ఎర్రగా వేగిన పొర రావాలంటే పైభాగం పొడిగా ఉండాలి. నీరు ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. మా ముక్కలు వేగలేదు, ఉడికి బూడిద రంగులోకి తిరిగాయి. తమ్ముడు అనుమానంతో లోపలిదాకా బాగా కాల్చాడు. దాంతో ఇంకా గట్టిపడ్డాయి. నాన్న మొదటి ముక్క చాలాసేపు నమిలారు. “బాగుందిరా” అన్నారు. కాసేపటికి చూస్తే కంచం అంచున, అన్నం చాటున, నమిలి తీసేసిన ముక్కలు మూడు ఉన్నాయి. తమ్ముడు అవి చూసి మాట్లాడకుండా కిందికి వెళ్ళిపోయాడు. నాకు 2400 పోయిన బాధ కన్నా అదే ఎక్కువ.

తమ్ముడు ఎందుకు బాగా కాల్చాడో చెప్పాలి, ఇందులో ఆరోగ్యం సంగతి ఉంది. చెక్కుచెదరని ముక్కలో క్రిములు సాధారణంగా పైభాగంలోనే ఉంటాయి. నిప్పు తగలగానే పోతాయి. అందుకే స్టేక్ లోపల కొంచెం గులాబీ రంగులో ఉన్నా తింటారు. సూదులతో పొడిచి నీళ్ళు ఎక్కించినా, మెత్తబడాలని గుచ్చినా పైనున్నవి లోపలికి వెళ్ళిపోతాయి. అలాంటి ముక్కని సగం పచ్చిగా తింటే ప్రమాదం. ఆ సంగతి లేబుల్ మీద రాయకుండా ‘మీడియం రేర్‌కి బెస్ట్’ (అంటే లోపల కాస్త పచ్చిగా ఉంచి తినడానికి బాగుంటుంది) అని ప్యాకెట్ మీద అచ్చేయడం నాకు మోసం కన్నా పెద్ద తప్పనిపిస్తోంది. ముసలివాళ్ళు, పిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్ళు ఎన్ని ఉంటాయి!

ఫోన్ చేస్తే “ఫ్రోజెన్‌లో నీళ్ళు కామన్ మేడమ్, వండేశాక రిటర్న్ ఉండదు” అన్నారు. అండర్‌కట్ కాదని చెప్తే ఫోన్ పెట్టేశారు. అప్పుడు లేబుల్ తీసి చూశాను. ఫుడ్ లైసెన్స్ నంబర్‌కి 14 అంకెలు ఉండాలి. దీని మీద లెక్కపెడితే 13 ఉన్నాయి. మీ దగ్గరున్న నంబర్ అసలుదో కాదో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వాళ్ళ లైసెన్సుల సైట్ ఫోస్కోస్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. ప్యాక్ చేసిన తేదీ మీద ఇంకో స్టిక్కర్ కూడా అంటించి ఉంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి ఫిర్యాదు నమోదు చేశాను. కల్తీ, లైసెన్స్ విషయాలకి ఫుడ్ సేఫ్టీ వాళ్ళ టోల్ ఫ్రీ 1800112100 ఉంది. తూకం తక్కువైతే తూనికలు కొలతల శాఖకి రాయొచ్చు. డబ్బు తిరిగి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 2019 చట్టం కింద లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామున నేనూ తమ్ముడూ మేం ఎప్పుడూ కొనే కొట్టుకే వెళ్ళాం. ముందురోజే చెప్పి ఉంచాం, లేకపోతే హోటళ్ళవాళ్ళు పట్టుకుపోతారట. కొట్టు భాయ్ నిలువు అండర్‌కట్ బల్ల మీద పెట్టి, లావు చివర, తోక చివర చూపించి, మీద ఉన్న వెండిలా మెరిసే పొరని కత్తితో లాగేసి ఇచ్చాడు. ఆ పొర ఉంచితే కాల్చేటప్పుడు ముడుచుకుని ముక్క వంకర పోతుంది, తప్పకుండా తీయించండి. ఇంపోర్టెడ్ ప్యాకెట్‌కి పెట్టిన డబ్బులో సగం కూడా కాలేదు.

తమ్ముడు రెండు వేళ్ళ మందం ముక్కలు కోసి, ఉప్పు రాసి ముప్పావు గంట ఉంచి, బట్టతో బాగా తుడిచి, నూనె రాసి, బొగ్గుల మీద బూడిద తెల్లగా పట్టాక పెట్టాడు. గేదె మాంసంలో కొవ్వు తక్కువ, క్షణం ఎక్కువైనా ఎండిపోతుంది, అందుకే థర్మామీటర్ గుచ్చి చూస్తూ ఉన్నాడు. నాన్న ముక్కని లోపల 63 డిగ్రీలు వచ్చాక దించి ఐదు నిమిషాలు పక్కన పెట్టాడు. అమెరికా వ్యవసాయ శాఖ ఖీమా కొట్టని మాంసం ముక్కలకి చెప్పే లెక్క 63 డిగ్రీలు, తర్వాత కనీసం మూడు నిమిషాల విశ్రాంతి. పీచుకి అడ్డంగా సన్నగా కోసి పెట్టాడు. నాన్న కంచం ఖాళీ చేసి ఇంకోటి ఉందా అని అడిగారు.

ఇలాంటి ప్యాకెట్ ఇప్పటికే మీ ఫ్రీజర్‌లో ఉంటే, విప్పకముందే తూచి ఫొటో తీయండి. కరిగి నీళ్ళు వంపాక మళ్ళీ తూచి ఇంకో ఫొటో తీయండి. ముక్కలకి అనుమానంగా గుంటలు కనిపిస్తే లోపలిదాకా పూర్తిగా ఉడికించుకోండి, గ్రిల్ జోలికి వెళ్ళకండి. లేబుల్ మాత్రం చెత్తలో వేయకండి, ఫిర్యాదు రాసేటప్పుడు మొదట అడిగేది దాన్నే.