దాసన్నపేటలో సైలెన్సర్ మార్పించిన షెడ్డు

మావాడి పల్సర్‌కున్న మోత సైలెన్సర్ తీయించడానికి విజయనగరం దాసన్నపేటలో ఓ చిన్న మెకానిక్ షెడ్డుకి వెళ్లాను. అది బిగించిన కుర్రాడు కంపెనీది తిరిగివ్వలేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

ఈ షెడ్డు మెకానిక్ మాత్రం "కూర్చోండి మాస్టారూ" అని స్టూలు వేశాడు. తుప్పు బోల్టులు విరగకుండా కిరసనాయిలు పోసి అరగంట ఆగాడు. కొత్తది బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసి, జాయింట్ చుట్టూ అరచెయ్యి తిప్పి పొగ లీకవుతోందేమో చూశాడు. కొద్దిగా తగిలింది. మళ్లీ విప్పి గ్యాస్కెట్ మార్చాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

ఆ అరగంటలో మావాడు ఫోన్లో జపాన్ బోసోజోకు ముఠాల, అంటే మోత బళ్లమీద గుంపులుగా తిరిగే కుర్రాళ్ల, ఫొటోలు చూపించాడు. ఎత్తైన సీట్లు, అక్షరాలు కుట్టిన పొడుగు కోట్లు. మిగతా కథ నేను చెప్పాను. 1950ల్లో మోత బళ్లవాళ్లని అక్కడ కమినరి జోకు, అంటే పిడుగుల తెగ, అనేవారు. గుంపుగా ప్రమాదకరంగా నడపడాన్ని 1978లో చట్టం నేరం చేసినా, 1982కి ముఠాల్లో 42 వేల మందికి పైగా చేరారు. 2004లో చట్టం ఇంకా బిగిసింది. కుర్రకారూ తగ్గింది, బళ్ల ఖర్చూ పెరిగింది. ఇప్పుడు మిగిలింది కొద్దిమందే. రాత్రుళ్లు నిద్రలేక అవస్థపడ్డ ఊళ్లవాళ్లు గుర్తొస్తే నాకు బాధేస్తుంది. మా వీధిలోనూ పసిపిల్లలున్నారు.

లేబర్ 350 తీసుకున్నాడు. సాయంత్రం రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి.