విశాఖలో ఇంటికొచ్చి కార్పెట్ కడిగే సర్వీసు: మురికికి నాలుగు మార్కులు, ఆరడానికి రెండు

మురికి తీయడంలో ఈ సర్వీసులకు పెద్దగా వంక పెట్టలేం. పేచీ అంతా ఆరడం దగ్గరే. "నాలుగు గంటల్లో ఆరిపోతుందండీ" అని బుకింగ్ అప్పుడు చెప్పే మాట జనవరిలో సీతమ్మధారలో నిజం కావచ్చు. ఆగస్టులో సముద్రం ఒడ్డునున్న లాసన్స్ బే ఫ్లాట్‌లో అదే కార్పెట్ మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటుంది.

అయితే తప్పంతా సముద్రం మీదకు నెట్టేయడం కూడా సరికాదు. వేడినీళ్లు చిమ్మి వెనక్కి పీల్చే మెషీన్‌తో చేసేటప్పుడు, ట్రిగ్గర్ నొక్కి ఒకసారి లాగితే, నొక్కకుండా అదే దారిలో కనీసం రెండుసార్లు లాగాలి. తొందరలో ఉన్నవాళ్లు ఎగ్గొట్టేది ఈ పొడి లాగుడునే. పీల్చే మూతికి పారదర్శకమైన మూత ఉంటే అందులోకి చూడండి. నీటి చారలు ఇంకా పరుగెడుతుంటే మరోసారి లాగమనండి. మురికినీళ్ల ట్యాంకు నిండినా, ఫిల్టర్‌లో నూగు అడ్డుపడినా, పైపు జాయింట్ వదులైనా పీల్చే బలం పడిపోతుంది, మెషీన్ మోత మాత్రం తగ్గదు. మోత విని మోసపోకండి.

తర్వాతిది కార్పెట్ రకం. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపలికి పట్టుకోగలదు. నైలాన్ కొద్దిగా పీలుస్తుంది, పాలిప్రొపిలీన్ దాదాపు పీల్చదు. వాటిలో నీళ్లు పోగుల సందుల్లోనే నిలుస్తాయి కాబట్టి త్వరగా ఆరతాయి. కానీ పైన ఏ పోగున్నా, అడుగున జనపనార అల్లిక, దాని కింద ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) ఉంటే లెక్క మారిపోతుంది. పైన చెయ్యి పెడితే పొడి, కింద తడి. ఆ తడి నెమ్మదిగా పైకి ఎక్కుతూ అడుగు మురికిని మోసుకొస్తుంది. రెండో రోజు పోగుల కొసల మీద గోధుమరంగు మచ్చలు తేలేది అందుకే. అందుకని ఆరిందో లేదో చూడటానికి మూల ఎత్తి వెనకవైపు తడమాలి. గోడ నుంచి గోడకు అతికించిన కార్పెట్ అయితే తెల్ల టిష్యూ పరిచి, దాని మీద కాసేపు నిలబడి చూడాలి.

ఇక గది గాలి. వానాకాలంలో కిటికీలు బార్లా తీయడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. బయటి గాలిలో తేమ ఎనభై శాతం ఉంటే అది కార్పెట్ నుంచి తీసుకునేది చాలా తక్కువే. కిటికీలు మూసి, ఏసీ వేసి, టేబుల్ ఫ్యాన్‌ను నేలమీదే పెట్టి గాలి కార్పెట్‌ను రాసుకుంటూ పోయేలా తిప్పండి. సీలింగ్ ఫ్యానూ నడవనివ్వండి. ఏసీ పైపు నుంచి బయట పడే చుక్కల్లో కొంత కార్పెట్ నీళ్లే. గది చల్లబడగానే కంప్రెసర్ ఆగిపోతుంటే డ్రై మోడ్‌కు మార్చండి. కిటికీలు తీస్తే పని జరిగేది చలికాలంలో, అదీ ఎండెక్కాక.

ఒక రోజు దాటినా తడి పోకపోతే ముక్క వాసన మొదలవుతుంది, రెండు రోజులకు బూజు పట్టే ప్రమాదం ఉంది. సర్వీసు వాళ్లను మళ్లీ పిలిచి, నీళ్లు వదలకుండా ఉత్త పీల్చుడు ఒకటి చేయించండి. సోఫా కాళ్లను తొందరపడి తడి కార్పెట్ మీదకు ఎక్కించొద్దు. పాలిష్ రంగు దిగుతుంది, ఇనుప కాళ్లయితే తుప్పు. తప్పదంటే కింద ప్లాస్టిక్ ముక్కలు పెట్టండి.

మా సలహా: జూన్ నుంచి నవంబరు దాకా, ముఖ్యంగా ఉన్ని కార్పెట్‌కు, తక్కువ నీటితో నురగ పట్టించి ప్యాడ్‌తో రుద్దే పద్ధతి అడగండి. మామూలుగా ఒకటి రెండు గంటల్లో ఆరుతుంది, నురగ ఎండి మిగిలిన పొడిని వాక్యూమ్‌తో లాగేస్తే సరి. పాలు ఒలికి లోపలికి ఇంకిన చోట మాత్రం అది చాలదు. అక్కడ వేడినీళ్ల మెషీనే కావాలి. ఏదైనా ఉదయం స్లాటే తీసుకోండి, సాయంత్రం ఐదింటిది వద్దు.

విడి తివాచీ అయితే నీడలో వేలాడదీయొచ్చు. బాల్కనీ గ్రిల్ మీద వేసేముందు పాత దుప్పటి మడిచి పరవండి. ఉప్పుగాలికి చువ్వలు ఎక్కడో ఒకచోట తుప్పు పట్టే ఉంటాయి, తడి తివాచీకి అంటిన ఆ మరక ఏ షాంపూకీ లొంగదు.